పదీ అయిదుకి ఆగిన ఇంజిన్

ఎలుమలైని మధ్యాహ్నం రెండింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నేను తిరుత్తణిలో స్టేషన్ మెట్లెక్కేసరికి తొమ్మిదీ పది. అంటే నా చేతిలో నాలుగు గంటల యాభై నిమిషాలున్నాయి. చాలు. అంతకంటే తక్కువలో తేల్చిన కేసులు నాకున్నాయి. ఎక్కువ పట్టినవీ ఉన్నాయి గానీ వాటి గురించి నేనెవరికీ చెప్పను.

నా పేరు తిరుమలమ్మ. అత్తిమంజేరిపేటలో నేతపని చేసుకునే ఇంట్లో పుట్టాను. ఇరవై రెండేళ్ళు మోటారు ఇన్సూరెన్సు సర్వేయరుగా కాలిపోయిన ఇంజిన్లలో తల దూర్చి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేస్తున్నాను. మగ్గం చప్పుడు విని ఏ పక్క పోగు తెగిందో మా నాయన చెప్పేవాడు. నాకు ఆ చెవి ఇంజిన్ల దగ్గర వచ్చింది.

కేసు ఇది. సోమవారం ఉదయం తిరుత్తణిలోని ఒక కల్యాణ మండపంలో కార్పెట్లు కడగడానికి మణవాళనగర్ నుంచి ఒక వ్యాను వచ్చింది. ఆ వ్యాను వెనక ఒక యంత్రం బిగించి ఉంటుంది. దానికి వేరే పెట్రోలు ఇంజిను, వేరే పెట్రోలు ట్యాంకు. పొడవాటి గొట్టాల్లోంచి వేడినీళ్ళు కార్పెట్టు మీద కొడుతుంది, ఆ మురికినీళ్ళని వెంటనే పీల్చి తన ట్యాంకులో పోసుకుంటుంది. నడిపేవాడు ఎలుమలై. పదకొండూ ఇరవై నాలుగుకి మండపం యజమాని పెరుమాళ్ తన ఆఫీసు గదిలో స్పృహ లేకుండా దొరికాడు. రక్తంలో విషవాయువు ఉందని డాక్టర్లు చెప్పారు. వ్యాను నిలబడింది ఆ గది కిటికీ పక్కనే. ఎలుమలై నిర్లక్ష్యంగా రెండు గంటలు ఇంజిను నడిపాడనీ, ఆ పొగే గదిలోకి పోయిందనీ కేసు. పెరుమాళ్ ఇంకా స్పృహ లేకుండా ఆస్పత్రి మంచం మీదే ఉన్నాడు. ఆయన పోతే అది చావు కేసవుతుంది.

నన్ను పెట్టుకున్నది వ్యాను కంపెనీ యజమానురాలు సత్యప్రియ. "మావాడు అబద్ధం చెప్తా ఉండాడక్కా, కానీ తప్పు చేసినోడు కాదు," అని ఆమె ఒక్కటే ముక్క చెప్పింది. ఆ మాట నాకు నచ్చింది.

ఎలుమలైకి ముప్పై అయిదేళ్ళుంటాయి. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు.

"వ్యాను ఆ కిటికీ కాడ ఎందుకు పెట్టినావు?"

"నేను గేటు కాడ పెడతానంటినక్కా. గోకులన్నే వద్దన్యాడు. ఆడనే పెట్టు, గొట్టాలు అందుతాయి అన్యాడు."

గోకుల్ అంటే పెరుమాళ్ మేనల్లుడు. మండపం మేనేజరు. మామ పడిపోయి ఉండటం మొదట చూసిందీ, ఎలుమలై మీద వాంగ్మూలం ఇచ్చిందీ అతనే.

"ఎన్నింటికి స్టార్టు చేసినావు?"

"తొమ్మిదిన్నరకి."

"ఎన్నింటికి నిలిచిపోయింది?"

"పదీ అయిదుకి. ఇంజిను నడస్తా ఉంటే నాకు ఫోను వినపడదక్కా. అది నిలిచిపోయినాక పదీ ఆరుకి మా ఇంటామె కోకిల చేస్తే వినపడింది. ఫోన్లో చూడండి, నాలుగు నిమిషాలు మాట్లాడినా."

"తర్వాత?"

"ప్లగ్గు తీసి తుడిచినా. ఫిల్టరు దులిపినా. పెట్రోలు గొట్టం ఊదినా. ఫ్యూజు చూసినా. తిరగతా ఉండాది, అంటుకోలా. పదకొండూ ఇరవై నాలుగుకి గోకులన్న అరిస్తే తాళం తిప్పేసి లోపలికి ఉరికినా."

"అంతసేపూ తాళంచెవి ఆన్‌లోనే ఉన్నిందా?"

"ఆన్‌లో లేకపోతే ఫ్యూజుకి కరెంటు వస్తా ఉండాదో లేదో ఎట్ల తెలస్తాదక్కా?"

నేను నవ్వాపుకున్నాను. అతను చెప్పిన ఆ ముక్క ఎంత విలువైనదో అతనికి తెలియదు.

"పోలీసోళ్ళకి ప్లగ్గు పోయిందని చెప్పినావు. వాళ్ళు తీసి చూస్తే ప్లగ్గు బంగారంలా ఉండాది. అందుకే నువ్వు చెప్పింది ఒక్కటీ నమ్మలేదు. ఇంక నాకు చెప్పు. మురికినీళ్ళ ట్యాంకులో జల్లెడ బుట్ట ఉండాదా?"

తల దించుకున్నాడు. దొరికాడు.

"తీసి పారేసినావా?"

"పారెయ్యలా. సీటు కింద ఉండాది. పెండ్లి కార్పెట్టక్కా... అక్షింతలు, పూలు, పసుపు. పది నిమిషాలకొకసారి బుట్ట అడ్డం పడతాది. తీసి కడిగి పెట్టేదానికే సగం పొద్దు పోతాది."

"ముందు చీపురుతో చిమ్మాల గదా."

"సోమవారం చిమ్మినాకే మొదలు పెట్టినా. శనివారం ఊత్తుకోటలో చిమ్మలేకపోయినా. ఇంకో ముహూర్తానికి హాలు ఖాళీ చెయ్యమని మీద నిలబడినారు. అక్షింతలన్నీ నీళ్ళతోనే పీల్చేసినా. ఆదివారం లీవు. ట్యాంకు కడగలా." గొంతు తగ్గించాడు. "సత్యప్రియమ్మ రెండుసార్లు చెప్పింది. మూడోసారి బుట్ట లేకండా చూస్తే పనికి రావద్దనింది. దానికే ప్లగ్గని చెప్పినా."

నాకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. ఉద్యోగం పోతుందని భయపడి జైలు దాకా వచ్చిన మనిషిని ఏమనాలి?

"పెద్దాయనకి ఏమన్నా అయితే నేను చంపినట్టేనా అక్కా?"

"నీ ఇంజిను పదీ అయిదుకి నిలిచిపోయుంటే, కాదు. సాయంత్రానికి ఇంటికి పోతావు. కోకిలకి చెప్తాను," అన్నాను. మాట ఇచ్చేటప్పుడు నేను ముందూ వెనకా చూడను. అది నాకున్న జబ్బు.

మండపం ఆవరణలో వ్యాను సీలు వేసి అలాగే ఉంది. పదీ ఇరవైకి నేను వెళ్ళేసరికి ఎస్సై కలైవాణి వచ్చి ఉంది. ముప్పై ఏళ్ళ పిల్ల, మాటలు తక్కువ, వినడం ఎక్కువ. ఆమెది తమిళం. మా ఇద్దరికీ రెండు భాషలూ ఒకటే కాబట్టి ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. ఆమె పక్కన ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబు, మొహం మీద చిరునవ్వు. హేమనాథ్.

హేమనాథ్ ఇన్సూరెన్సు వాళ్ళ పరిశోధకుడు. నాకంటే పదేళ్ళు చిన్న. ఎలుమలైని లోపల వేయించింది అతని రిపోర్టే.

"రాండక్కా. మీరొస్తారని తెలుసు. వచ్చి లాభం లేదనీ తెలుసు."

"నీ రిపోర్టు చదివినాను తమ్ముడూ. అక్షరాలు బాగుండాయి."

"అక్షరాలు కాదక్కా, అంకెలు చూడండి." ట్యాబు నా ముందు పెట్టాడు. "ఇంజిను ఎన్ని గంటలు నడిచిందో చెప్పే మీటరు. సోమవారం పొద్దున మీవాడే పుస్తకంలో రాసినాడు, 1846.2. ఇప్పుడు చూడండి, 1848.1. ఒకటీ పాయింటు తొమ్మిది. అంటే గంటా యాభై నాలుగు నిమిషాలు. తొమ్మిదిన్నరకి కలిపితే?"

"పదకొండూ ఇరవై నాలుగు."

"పెద్దాయన దొరికిన నిమిషం. ఇంజిను నిలిచిపోలేదు. మధ్యలో ఒక్క నిమిషం కూడా నిలిచిపోలేదు."

కలైవాణి నా మొహం చూసింది. ఏం చెబుతానా అని.

"ముందు హాలు చూద్దాం," అన్నాను.

ఎర్ర కార్పెట్టు వాకిలి నుంచి స్టేజీ దాకా పద్నాలుగు వరసలు పరిచి ఉంది. వాకిలి పక్కన మూడు వరసలు కొత్త పెళ్ళికూతురు చీరలా మెరుస్తున్నాయి. నాలుగో వరస మొదట్లో ఒక మూర దాకా శుభ్రం, ఆ పైన మురికి. అక్కణ్ణుంచి స్టేజీ దాకా పసుపు మరకలు, చీపురుకి రాకుండా పోగుల్లో ఇరుక్కున్న అక్షింతలు.

"ఒక్కో వరసకి ఎంతసేపు పడుతుంది హేమనాథూ?"

"పది, పన్నెండు నిమిషాలు."

"మూడు వరసలకి ముప్పై అయిదు. గంటా యాభై నాలుగు నిమిషాలు నడిస్తే తొమ్మిది వరసలన్నా పూర్తి కావాల. మిగతా టైమంతా ఇంజిను నడపతా కూచోని కోకిలతో ఫోన్లో మాట్లాడినాడా?"

"బద్ధకస్తుడేమో. కార్పెట్టు సాక్ష్యం కాదక్కా. మీటరు సాక్ష్యం."

"సరి. పెట్రోలు?"

కలైవాణి సీలు విప్పించింది. ఎలుమలై పొద్దున తిరువళ్ళూరులో బంకు దగ్గర యంత్రం ట్యాంకు పొర్లేదాకా నింపించాడు. ఎనిమిదీ ఇరవై బిల్లు వ్యానులోనే ఉంది. ఈ ఇంజిను గంటకి అయిదు లీటర్లు తాగుతుంది. హేమనాథ్ లెక్క నిజమైతే తొమ్మిదిన్నర లీటర్లు తగ్గి ఉండాలి. నేను దారిలో తెచ్చుకున్న క్యాను దించి, లీటరు డబ్బాతో పోయడం మొదలుపెట్టాను. ఒకటి. రెండు. మూడో డబ్బాలో అడుగున కొంచెం మిగిలి ఉండగానే పొర్లింది.

"మూడు లీటర్లకి కొంచెం తక్కువ," కలైవాణి పైకే చెప్పి నోటుబుక్కులో రాసుకుంది. "ముప్పై అయిదు నిమిషాలు."

హేమనాథ్ చిరునవ్వు సగం తగ్గింది. "మధ్యలో ఎవురన్నా పోసుంటే?"

"సీలు సోమవారమే పడింది."

"సీలుకి ముందు?"

"క్యాను యాడ? వ్యానులో ఏమేమి ఉండాయో నీ రిపోర్టులోనే జాబితా రాసినావు. చీపురు కూడా రాసినావు, క్యాను లేదు."

"అయితే మీటరు అబద్ధం చెప్తాదా? మీటరుకి ఎలుమలై చుట్టమా?"

ఈ ప్రశ్న కోసమే నేను పొద్దున్నుంచీ కాచుకుని ఉన్నాను. తాళంచెవి ఆన్‌కి తిప్పాను. స్టార్టు చేయలేదు. ఇంజిను కదల్లేదు. మీటరు మీద 1848.1 వెలిగింది.

"ఇప్పుడు మనం ముగ్గురం ఊరికే సుమ్మా నిలబడదాం," అన్నాను. "ఎక్కువలో ఎక్కువ ఆరు నిమిషాలు, గంటలో పదోవంతు."

హేమనాథ్ గడియారం చూసుకున్నాడు. ఒక నిమిషం. రెండు. అతను ఎవరికో ఫోను చేసి నవ్వుతూ మాట్లాడాడు. మూడు. నాలుగో నిమిషంలో నాకు కొంచెం చెమట పట్టిన మాట నిజం. ఈ రకం యంత్రంలో మీటరు తీగ ఎక్కడికి పోతుందో నేను కళ్ళతో చూడలేదు. పాత రకాల్లో చూసిన ధైర్యంతో మాట్లాడేశాను. అయిదో నిమిషం సగంలో అంకె మారింది. 1848.2.

ఇంజిను మాత్రం చల్లగా ఉంది. హేమనాథ్ చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాను. వదిలించుకున్నాడు.

"అది ఇంజిను నడిచిన గంటలు చెప్పదు తమ్ముడూ. తాళం తిప్పి ఉన్న గంటలు చెప్తాది. ఎలుమలై ఫ్యూజు వెతుక్కుంటా ఉన్నంతసేపూ అది లెక్క పెడతానే ఉన్నింది."

కలైవాణి నోటుబుక్కులో ఒక గీత కింద గట్టిగా ఇంకో గీత గీసింది.

"నిలిచిపోయిందనే అనుకుందాం. ఎందుకు నిలిచిపోయింది?" హేమనాథ్ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఆ విషయంలో అతనంటే నాకు గౌరవమే. "ప్లగ్గు నేనే చూసినా. ఫిల్టరు చూసినా. అన్నీ బాగుండాయి."

"మురికినీళ్ళ ట్యాంకు మూత తీసినావా?"

"పావు కూడా నిండలేదు. దాంట్లో ఏముండాదని?"

మూత తీశాను. పుల్లటి కంపు గుప్పుమని కొట్టింది. హేమనాథ్ ఇస్త్రీ చొక్కా రెండడుగులు వెనక్కి పోయింది. ట్యాంకులో ఒక తేలే బంతి ఉంటుంది. నీళ్ళు నిండి అది పైకి లేస్తే ఇంజిను తనంతట తానే ఆగిపోతుంది, మురికినీళ్ళు యంత్రంలోకి పోకుండా. నీళ్ళేమో అడుగున ఉన్నాయి. బంతి మాత్రం పైనే ఇరుక్కుని ఉంది. దాని కాడ చుట్టూ తెల్లగా, పచ్చగా ముద్ద. శనివారం ఊత్తుకోటలో ఎవరి తల మీదో పడ్డ అక్షింతలు, రెండు రోజులు నాని, ఉబ్బి, పులిసి, సోమవారం పొద్దున నీళ్ళు సుళ్ళు తిరిగినప్పుడు బంతితో పాటు పైకి లేచి అక్కడే పట్టుకున్నాయి. ట్యాంకు నిండిందనుకుని యంత్రం ఇంజిను ఆపేసింది. ఈ యంత్రం చేసిన దేశంలో పెళ్ళిళ్ళకి ఇంత బియ్యం చల్లరు కాబోలు, దాని పుస్తకంలో ఈ సంగతి ఎక్కడా లేదు.

"ఇది సోమవారం తర్వాత ఉబ్బి ఉండచ్చు," అన్నాడు హేమనాథ్ ముక్కు మూసుకుని.

"ఉబ్బచ్చు. అప్పుడు పెట్రోలు ఎందుకు మూడు లీటర్లే తాగినాదో చెప్పు."

నేను స్టార్టరు తిప్పాను. ఇంజిను తిరిగింది గానీ అంటుకోలేదు. చెయ్యి లోపల పెట్టి ముద్ద అంతా గీకి, బంతిని కిందికి దించాను. మళ్ళీ తిప్పాను. మొదటి దెబ్బకే గర్జించింది. ఆ శబ్దం నాకు సన్నాయిలా వినిపించిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఆపేశాక కలైవాణి అడిగింది. "ఇంజిను పదీ అయిదుకి ఆగితే, గదిలోకి పొగ ఎక్కడిది?"

"గది చూపించు."

పెళ్ళి ఉన్న రాత్రి పెరుమాళ్ కన్ను మూయడు. మర్నాడు పొద్దున ఆఫీసు గదిలో తలుపేసుకుని, ఏసీ పెట్టుకుని మధ్యాహ్నం దాకా నిద్రపోతాడు. ఇది మండపంలో అందరికీ తెలుసు. సోమవారం పొద్దున తొమ్మిదింటికే కరెంటు తీసేస్తే, ఏసీ వెనక ఉన్న జనరేటరు మీద నడిచిందని కలైవాణి చెప్పింది. కిటికీ రెక్కలు రంగులు వేసినప్పుడే అతుక్కుపోయి ఉన్నాయి. గోరు కూడా దూరదు. పక్కన లారీ నిలబెట్టి నడిపినా ఈ గదిలో మనిషి ఆ పొగకి పడిపోవడం కష్టం. మంచం తలాపున నేల మీద పరిచిన చాప పక్కకి జరిపి ఉంది. ఎత్తి చూశాను. అడుగున గుండ్రంగా కమిలిన మచ్చ, అంచున బూడిద. పొడిగా, మెత్తగా. బొగ్గుల బూడిద.

కలైవాణి వెనక వంటశాలకి నడిచింది. కాఫీ కాచే బొగ్గుల కుంపటి మూల బోర్లించి ఉంది. కొలిచింది. మచ్చకి సరిగ్గా సరిపోయింది.

"మూసిన గదిలో కుంపటి," అంది. "పదకొండున్నరకి ముందు తీసేశారు. బయట వ్యాను ఉంది కాబట్టి నింద దాని మీద పడుతుంది."

"వ్యాను ఆడ పెట్టమన్నది గోకుల్," అన్నాను.

"శుక్రవారం పెరుమాళ్ ఈ మండపం కూతురు జ్యోతిక పేర రాయించబోతున్నాడు. పన్నెండేళ్ళుగా చూసుకుంటున్నది గోకుల్." నోటుబుక్కు మూసింది. "కానీ అతను వాంగ్మూలంలో అబద్ధం చెప్పాడని నేను అతని నోటితోనే వినాలి. అప్పుడే రిమాండు ఆపగలను."

టైము పన్నెండూ పది. గోకుల్ సోమవారం నుంచీ తిరువళ్ళూరులో ఆస్పత్రిలోనే ఉన్నాడు. మామ మంచం పక్కనుంచి కదలని మేనల్లుడని ఊరంతా మెచ్చుకుంటోంది. స్పీకరు పెట్టి ఫోను చేశాను. రికార్డు నొక్కింది కలైవాణి.

"గోకులూ, నేను తిరుమలమ్మని, ఎలుమలై తరపున. ఎస్సై మేడం కూడా ఉండారు. పదీముప్పావుకి నువ్వు వాడికి చెప్పినావని వాంగ్మూలంలో ఉండాది గదా ఇంజిను ఆపమని?"

"అవునక్కా. మామ పండుకోనుండాడు, ఆపురా అని అరిచినా. వినలా."

"నీకు ఇంజిను వినపడిందా?"

"చెవులు పగిలిపోతా ఉన్నిందక్కా."

"వాడేమి చేస్తా ఉన్యాడు?"

"గొట్టం పట్టుకోని కడగతా ఉన్యాడు."

"యాడ?"

"స్టేజీ ముందర."

హేమనాథ్ కళ్ళు మూసుకున్నాడు. ఆ ఒక్క మాట చాలు. అక్కడితో ఫోను పెట్టేసి ఉంటే నేను తెలివైనదాన్నే. కానీ గెలిచినప్పుడు నోరు మూసుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు.

"స్టేజీ ముందర అక్షింతలు అట్నే ఉండాయి నాయనా. ఆడ నీటిచుక్క పడలేదు. ఆ పొద్దు తొమ్మిదింటికే కరెంటు తీసేసినారు. నువ్వు విన్నది వెనక మీ జనరేటరు. వ్యాను ఇంజిను పదీ అయిదుకే నిలిచిపోయింది. కుంపటి ఎన్నింటికి తీసినావు?"

అటువైపు ఫోను కట్టయింది.

కలైవాణి వెంటనే స్టేషనుకి ఫోను చేసి ఎలుమలైని కోర్టుకి తీసుకుపోవద్దని చెప్పింది. హేమనాథ్ నా వైపు చూసి, "రిపోర్టు వెనక్కి తీసుకుంటానక్కా," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి నడిచాను. కోకిలకి ఫోను చేసి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

వెనక కలైవాణి గొంతు మారింది. ఆస్పత్రికి ఫోను చేసి, పెరుమాళ్ గది దగ్గర ఒక మనిషిని నిలబెట్టమని చెప్పబోయింది. నర్సు చెబుతున్నది స్పీకర్లో నాకూ వినిపించింది.

"పెద్దాయన పావుగంట ముందే కండ్లు తెరిచినారు మేడం. అందరం సంతోషపడినాం. మేనల్లుడే పక్కనుండాడు. ఇప్పుడే ఎవురిదో ఫోను వచ్చినాక, కాసేపు ఎవురూ రావద్దని మమ్మల్ని బయటికి పంపించేసినాడు. మందు టైమయింది, తలుపు కొడతానే ఉండాను. తీయలేదు."

"పగలగొట్టండి!" అని కలైవాణి అరుస్తూ జీపు వైపు ఉరికింది. నేనూ ఉరికాను, తడి చేతులతోనే. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకి ఎంత వేగంగా తోలినా ముప్పావు గంట. పెరుమాళ్ కళ్ళు తెరిచిన ఆ గదిలో, లోపల గడియ పెట్టుకుని ఉన్నది, మూడు నిమిషాల క్రితం నేను నోరాపుకోలేక అంతా విప్పి చెప్పిన మనిషి.